రాహువు పేర చెప్పిన మాట

గ్రహణము విడిచిన పిమ్మట ఆలయమును శుద్ధిచేసి, పుణ్యాహవాచనము జరిపి, ద్వారములు తెఱచి భక్తులను దర్శనమునకు విడుచుట మన క్షేత్రములలో ఆచారము. అంతవరకు యాత్రికులు మండపములలోను, మెట్లమీదను, చెట్లక్రిందను కూర్చుండి నామజపము చేసికొనుచుందురు. అట్టి వేళలయందు నేనును వారి నడుమ పెక్కుసారులు కూర్చుంటిని. నొసట తిరుమణిని, చేతిలో పంచాంగమును చూచి, ప్రక్కనున్నవారు, "స్వామీ! సూర్యచంద్రులను రాహువు మ్రింగుట నిజమా? లేక బడిలో పిల్లలకు చెప్పుచున్నట్లు అది వట్టి నీడయేనా?" అని అడుగుట కద్దు.

ఈ ప్రశ్నకు మావంటి పండితులలో చాలమంది రెండు సమాధానములు సిద్ధముగా నుంచుకొందురు. అడిగినవాడు ఉద్యోగస్థుడైనచో నీడ యని చెప్పుదుము. అడిగినది పల్లెటూరి వృద్ధురాలైనచో రాహువు అని చెప్పుదుము. ఎవరి మనస్సును నొప్పింపని మార్గమని దీనికి మేము పెట్టుకొన్న పేరు. కాని యిది ధర్మమేనా? తెలిసినవాడు, ఎదుటివాని భక్తి చెడునేమో యను భయముచేత, తెలిసినదానిని దాచి వేఱొకటి చెప్పవచ్చునా? ఈ ప్రశ్న నన్ను 45 సంవత్సరములకు పైగా బాధించుచున్నది. అందులకు కారణము చెప్పినగాని నా మాటకు విలువ యుండదు. కావున ముందు నా తప్పు చెప్పుకొందును.

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీ, శనివారము, మాఘ బహుళ అమావాస్య. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక తీరమున మన నేలమీదికి వచ్చి, పాలమూరు, నల్లగొండ, ఖమ్మము ప్రాంతముల మీదుగా సాగి, ఒడిశాలో మరల సముద్రమును చేరెను. హైదరాబాదునకు సమీపమున జపాల్-రంగాపురములో నున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు వేధశాలకు దేశవిదేశముల శాస్త్రజ్ఞులు యంత్రములతో వచ్చి చేరిరి. అదే నీడ దారిలో, నల్లగొండ జిల్లాలోని యొక పల్లెయందలి పాఠశాలలో నేను చదువుకొనుచుంటిని. నాకు ఇరువదియేండ్లు నిండలేదు. కావ్యములును తర్కసంగ్రహమును ముగించి సూర్యసిద్ధాంతము పట్టితిని. అందలి చంద్రగ్రహణ, సూర్యగ్రహణాధికారములు అప్పుడే పూర్తియైనవి.

మా ఆచార్యులు పెరటిలో ఇసుక పఱచి, వేలితో బింబములు గీచి పాఠము చెప్పెడివారు. కప్పబడునది ఛాద్యము, కప్పునది ఛాదకము. సూర్యగ్రహణమున ఛాద్యుడు సూర్యుడు. వానికి క్రిందుగా, మేఘమువలె అడ్డము వచ్చు చంద్రుడు ఛాదకుడు. చంద్రగ్రహణమున చంద్రుడు ఛాద్యుడు, భూమియొక్క నీడ ఛాదకము. చంద్రుని మార్గము సూర్యుని మార్గమునకు సుమారు అయిదు అంశలు వంగియున్నందున ప్రతి అమావాస్యకును గ్రహణము రాదు. ఆ రెండు మార్గములు ఖండించుకొను చోట్లకు పాతములని పేరు. ఆ పాతములకే మన జ్యోతిషమున రాహుకేతువులని పేరు. గ్రహణమునకు ముందటిదినమున ఆ ఇసుకమీదనే, చిన్న పిల్లలు చుట్టును చేరగా, నేను పెద్ద గురువువలె స్పర్శ, మధ్య, మోక్షములను గీచి చూపితిని.

ఆ పిల్లలలో పదునొకండేండ్ల బాలుడు ఒకడు. ప్రబంధమును ఒకసారి విన్నచో అప్పగించువాడు. గ్రహణమునాడు మధ్యాహ్నము, అందఱమును లోపల కూర్చుండి తలుపులు వేయుచుండగా వాడు నన్ను, "అన్నా, బయటికి వెళ్లి చూచినచో ఏమగును?" అని అడిగెను.

"రాహువు విషము చిమ్మును. కండ్లలో పడినచో ప్రమాదము," అంటిని.

"నిన్న నీవు ఇసుకలో గీచినది చంద్రుని గదా! అందులో రాహువు ఎక్కడ నున్నాడు?"

నాకు చిరాకు కలిగెను. పెద్దలు వినుచుండిరి. "అధికప్రసంగము మాని జపము చేసికొనుము," అని కసరితిని.

రెండున్నర గంటల ప్రాంతమున గ్రహణము పట్టెను. ఊరిలో వీధులన్నియు నిర్మానుష్యములయ్యెను. క్రమముగా ఎండ పలుచనై, వెన్నెలయు కాని ఎండయు కాని యొక వింత వెలుగు తలుపుల సందులనుండి వచ్చెను. పిమ్మట రెండు నిమిషములు చీకటి. పశువులు అరచుట వినబడెను. మేము గొంతెత్తి విష్ణుసహస్రనామము చెప్పుచుంటిమి. ఆ బాలుడు మా నడుమ లేడని నేను గమనింపలేదు. వాడు పశువులకొట్టము వైపునుండి జాఱుకొని, సూర్యబింబము కొంతకొంతగా కొఱకబడుచుండగా వట్టి కన్నులతో చాలసేపు చూచినాడు. ఆ రాత్రి వానికి నొప్పియు లేదు, మంటయు లేదు. మఱునాటి ఉదయమున పుస్తకము తెఱచి, "అన్నా, చూచిన చోటనే అక్షరము కనబడుట లేదు. ప్రక్క అక్షరములు మాత్రము కనబడుచున్నవి," అనెను.

ఇందులో రాహువు విషము లేదు. సూర్యకాంతశిల సూర్యకిరణములను కూర్చి నిప్పు పుట్టించునని కావ్యములలో వర్ణనలు చదివిన మేము, అట్టి శిల ప్రతివాని కంటిలోను కలదని యెఱుగకపోతిమి. కంటిపాప వెనుకనున్న కటకము వెలుగును కూర్చి, లోపలిగోడయైన నేత్రపటలముమీద చిన్న ప్రతిబింబముగా నిలుపును. ఇతర దినములలో సూర్యుని చూడబోయినచో కన్ను దానంతట అదే మూసికొనును. గ్రహణకాలమున వెలుగు తగ్గినట్లు తోచుటచే కన్ను మూతపడదు, పాప విప్పారును. కాని మిగిలియున్న ఆ సన్నని సూర్యఖండము, దానిమేరకు, ఎప్పటి సూర్యునివలెనే తీవ్రమైనది. దాని ప్రతిబింబము ఎచ్చట నిలుచునో అచ్చట నేత్రపటలము చెడును. మనము అక్షరమును చూచునది సరిగా ఆ చోటితోనే. మఱియు నేత్రపటలమునకు నొప్పిని తెలుపు నాడులు లేవు. వ్రేలు కాలినచో చేయి వెనుకకు తీసికొందుము. ఇది కాలినను తెలియదు. కొన్ని గంటలు గడచిన పిమ్మటగాని చూపు చెడిన సంగతి బయటపడదు. ఇవన్నియు హైదరాబాదున నొక నేత్రవైద్యుడు బాలుని తండ్రికి ఓపికగా చెప్పుచుండగా ప్రక్కన నిలుచుండి వింటిని. ఆయన మాటలలో ఒక్కటియు పదునొకండేండ్ల వానికి అర్థము కానిది లేదు.

ఎడమకన్ను కొన్ని నెలలలో చక్కబడెను. కుడికంటి నడుమ మచ్చ నేటికిని పోలేదు.

మా పెద్దలు నన్ను ఓదార్చిరి. మంచికొఱకు చెప్పిన మాటయే గదా, వాడు విననందుకు నీవేమి చేయుదువు అనిరి. కాని నా మనస్సు ఒప్పుకొనలేదు. ఆ మాట చెప్పిన క్షణముననే అది అసత్యమని నాకు తెలియును. బాలునకును తెలియును, ఇసుకమీద వానికి నిజము చూపినది నేనే. కారణము అసత్యమని గ్రహించిన తెలివైన పిల్లవాడు, దానితోపాటు నిషేధమును కూడ త్రోసివేసెను. తెలివిలేనివానిని రక్షించి, తెలివిగలవానిని అపాయమునకు వదలివేయునట్టి మాటను హితమని యెట్లనగలము? ఆనాడు మా వంటయింటిలో జల్లెడ యుండెను. దానిని ఎండలో పట్టినచో ఒక్కొక్క రంధ్రము క్రింద నేలమీద ఒక్కొక్క చిన్న సూర్యఖండము పడును. చింతచెట్టు ఆకుల సందులనుండి కూడ అట్లే పడును. సూర్యునివైపు వీపు పెట్టి, నూఱు సూర్యులను నేలమీద చూచుకొనవచ్చును. ఈ సంగతి చెప్పుటకు నాకు రెండు నిమిషములు పట్టెడిది.

కొందఱు మహాభాగవతమున అష్టమస్కంధమును చూపుదురు. ఏయే సందర్భములలో బొంకినను దోషము లేదో అచ్చట జాబితా యున్నదందురు. పోతనగారి పద్యరూపమున ఆ మాట తెలుగువారిలో నెఱుగనివారు లేరు. కాని ఆ జాబితా చెప్పినవాడు శుక్రాచార్యుడు. చెప్పినది బలిచక్రవర్తిని మాట తప్పించుటకు. బలి దానిని వినలేదు. విననందుననే వామనమూర్తి అనుగ్రహమునకు పాత్రుడయ్యెను. అదియు గాక, నమ్మి యడిగిన శిష్యునకు అసత్యము చెప్పవచ్చునని శుక్రుని జాబితాలో సైతము లేదు.

ఈ రెండు నాలుకల వ్యవహారము మాతో మొదలైనది కాదు. 499వ సంవత్సరమున, తన ఇరువదిమూడవ యేట, ఆర్యభటుడు తన గ్రంథమున గ్రహణకారణము స్పష్టముగా చెప్పెను: సూర్యుని చంద్రుడును, చంద్రుని భూమియొక్క పెద్ద నీడయు కప్పునని. వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహుచారము వ్రాయుచు, గ్రహణమునకు రాహువు కారణము కాడని తేల్చిచెప్పి, గ్రహణకాలమున చేయు దానహోమములలో రాహువునకు భాగము కలుగునట్లు బ్రహ్మ వరమిచ్చెనని ఆచారమును నిలిపెను. కారణమును కారణముగాను, కర్మను కర్మగాను వేఱువేఱుగా నుంచినందున ఆయన పద్ధతి నాకు ఎంతయు ముచ్చటగొలుపును.

వారి తరువాత 628లో బ్రహ్మగుప్తుడు వచ్చెను. గణితమున మహామేధావి. శూన్యముతో లెక్కలు చేయు నియమములు వ్రాసినవాడు. గ్రహణగణనమునకు ఆయన వాడినదియు చంద్రబింబమును భూచ్ఛాయయే. అయినను, రాహువు కారణము కాదన్నందుకు ఆర్యభట వరాహమిహిరాదులను ఆయన నిందించెను. లోకప్రసిద్ధికిని, స్మృతులకును విరుద్ధమనెను. రాహువు నీడలో ప్రవేశించి గ్రహణము కలిగించునని సమన్వయము చేసెను. సుమారు నాలుగు శతాబ్దముల పిమ్మట మన దేశమును గూర్చి వ్రాసిన అల్‌బెరూనీ ఈ ఘట్టమున ఆగిపోయెను. ఇంత తెలిసినవాడు ఇట్లేల వ్రాసెనని ఆశ్చర్యపడి, లోకభయమువలన కాబోలునని ఊహించెను. ఆ పరదేశి మాట చదివినపుడు నాకు మా పాఠశాల పంచ జ్ఞాపకమునకు వచ్చినది. పెద్దలు వినుచుండిరి గదా!

అయితే మన సంప్రదాయమంతయు భయమే యనుకొనరాదు. కేరళమున నిళానదీతీరమునకు చెందిన పరమేశ్వరుడను గణకుడు ఏబదియేండ్లకు మించి గ్రహణములను స్వయముగా చూచి, కాలము వ్రాసికొని, లెక్కకును కంటికిని తేడా వచ్చినపుడు లెక్కనే దిద్దెను. ఆ ఫలితమే 1431లో వెలువడిన దృగ్గణితము. సదాచారపరుడైన బ్రాహ్మణుడు గ్రహణమును చూచుట పాపమనుకొనినచో, నేడు మన యిండ్లలో ఇంత సరియైన పంచాంగములు ఎక్కడివి? మఱియొక సంగతి. ఏ పంచాంగమును చూచి మనము ఆలయద్వారములు మూయుచున్నామో, ఆ పంచాంగమున స్పర్శకాలమును నిమిషములతో సహా వ్రాసినవారు రాహువు ఆకలిని లెక్కింపలేదు, నీడను లెక్కించిరి.

ఇచ్చట శ్రద్ధాళువులు అడుగవలసిన ప్రశ్న ఒకటి యున్నది. వేదములోనే స్వర్భానువు సూర్యుని చీకటితో కప్పినట్లును, అత్రిమహర్షి ఆ సూర్యుని మరల కనుగొన్నట్లును ఉన్నది గదా, నీడ యన్నచో శ్రుతికి అప్రామాణ్యము రాదా యని. మీమాంసను కొంచెముగా నైనను చదివినవాడు దీనికి భయపడడు. యూపస్తంభమును ఆదిత్యుడని స్తుతించిన వాక్యము వేదమున కలదు. ఆ వాక్యమును చదివి, యజ్ఞశాలలోని కొయ్య నిజముగా సూర్యుడేయని ఏ మీమాంసకుడును చెప్పలేదు. ప్రత్యక్షమునకు విరుద్ధముగా తోచినపుడు అది గుణమును బట్టి చేసిన స్తుతి యనిరి. ప్రమాణము తన విషయమున ప్రమాణము. రంగును చెవితో వినలేము. అంతమాత్రమున చెవికి లోపము లేదు.

మన దర్శనమున ఈ మాటను అందఱికంటె గట్టిగా చెప్పినవారు భగవద్రామానుజులే. శ్రీభాష్యమున శాస్త్రయోనిత్వాధికరణములో పూర్వపక్షి యొకడు, కుండను చూచి కుమ్మరిని ఊహించినట్లు జగత్తును చూచి యీశ్వరుని ఊహింపవచ్చును గదా యనును. వినుటకు ఎంత భక్తిగా నున్నది! కాని రామానుజులు దానిని ఒప్పుకొనలేదు. అట్లు ఊహించినచో కుమ్మరివంటి కర్తయే సిద్ధించును. దేహము కలవాడు, పరిమితశక్తి కలవాడు. ఒక్కడేయను నియమము కూడ లేదు; పెద్ద మేడను పలువురు కట్టుట లేదా? కావున పరబ్రహ్మము శాస్త్రముచేతనే తెలియదగినవాడని నిర్ణయించిరి. దీని అర్థమేమి? భౌతికశాస్త్రము భగవంతుని నిరూపింపజాలదు; కాదనజాలదు. అది చెప్పునది నీడ కొలత. నీడ కొలత మాఱినచో శ్రీనివాసుని కల్యాణగుణములకు తఱుగు లేదు. కొలత సరిపోయినచో ఆయనకు క్రొత్తగా వచ్చు పెంపును లేదు.

ఈ మాట చెప్పుటలో నాకు ఇంకొక బాధ కలదు. పాఠశాలనాటి రాహువును విడిచిన నేను, ఉద్యోగకాలమున ఇంకొక రాహువును పట్టుకొంటిని. సంస్కృతపండితుడనై పిల్లలకు చెప్పుచు, ధనుర్మాసములలో సభలలో ఉపన్యసించుచు, కాంతివేగమును మన సాయణాచార్యులు పదునాలుగవ శతాబ్దముననే చెప్పిరని అనేకసారులు చెప్పితిని. సభ చప్పట్లు కొట్టెడిది. ఋగ్భాష్యమున సూర్యస్తుతి సందర్భములో, అర్ధనిమేషమున 2,202 యోజనములు పోవువాడని ఒక స్మృతివాక్యమును ఆయన ఉదాహరించిన మాట నిజమే. కాని యోజనమనగా ఎంత? ఒకనాడు తీరికగా కూర్చుండి లెక్క వేసితిని. ఆర్యభటుడు భూవ్యాసము 1,050 యోజనములనెను. సూర్యసిద్ధాంతము 1,600 అనెను. భూవ్యాసము సుమారు 12,742 కిలోమీటర్లు గనుక, మొదటి యోజనము పండ్రెండు కిలోమీటర్లకు కొంచెము పైన, రెండవది ఎనిమిదికి కొంచెము తక్కువ. నిమేషమునకు ప్రచారమున నున్న కొలతను తీసికొనినచో, మొదటి యోజనముతో సెకనుకు రెండున్నర లక్షల కిలోమీటర్లు, రెండవదానితో సుమారు లక్షా అరువదియైదు వేలు వచ్చును. కాంతివేగము సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. అది రావలెనన్నచో తొమ్మిది మైళ్ల యోజనము కావలెను. నిమేషమునకును పలు కొలతలు కలవు. కావలసిన ఫలితమును ముందు పెట్టుకొని, దానికి తగిన కొలకఱ్ఱను వెదకుకొనుట గణితము కాదు. రెండు కొలతలను దాచి ఒక్కటే చెప్పిన నేను సభకు వేఱొక రూపమున బొంకితిని.

నేడు ఇట్టివి మఱియు పెరిగినవి. గ్రహణకాలమున ఆహారముపై దర్భ వేయుట ఏవో కిరణములను అడ్డుకొనుటకని చెప్పుచున్నారు. సూర్యగ్రహణమున మనకు తగులు కిరణములు తగ్గునే గాని క్రొత్తవి పుట్టవు. చంద్రగ్రహణమున జరుగునది చంద్రునిమీద భూమి నీడ పడుట మాత్రమే. దర్భ వేయుట శిష్టాచారము, వేయుచున్నాను, వేయుదును. అది పెద్దల ఆజ్ఞయని చెప్పుటకు మనకేల సిగ్గు? అమృతము పంచువేళ వేషము మార్చి దేవతల పంక్తిలో కూర్చున్నవాని కథయే గదా రాహువు కథ! విజ్ఞానపు వేషము వేసి, విజ్ఞానము కానిదానిని ఆ పంక్తిలో కూర్చుండబెట్టుట నాకు ఆ కథనే తలపించును.

ఒక గ్రహణసమయమున, నిండుచూలాలైన యొక యాత్రికురాలు మండపమున గంటలకొలది కదలక, మందుగాని నీళ్లుగాని ముట్టక పడుకొనియుండుట చూచితిని. బిడ్డకు అంగవైకల్యము వచ్చునని ఎవరో చెప్పిరట. నీడవలన గర్భస్థశిశువునకు ఏ హానియు లేదు. దప్పికతో నుండుట, మందు మానుట మాత్రము హాని. బాలురకు, వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు ఉపవాసనియమమున సడలింపు కలదని పంచాంగకర్తలే ముద్రించుచున్నారు. ఆ మాట చెప్పి, "తల్లీ, మందు వేసికొని నీళ్లు త్రాగుము, నామము చెప్పుకొనుము," అంటిని. ఆమె అత్తగారు నన్ను అనుమానముగా చూచినది. పంచాంగములోని పంక్తిని వ్రేలితో చూపితిని. అప్పుడు గాని నీళ్లచెంబు అందింపలేదు.

నీడ యని చెప్పినచో అద్భుతము పోవునని భయపడువారు కలరు. నాకు అది పెరిగినది. సూర్యబింబపు వ్యాసము చంద్రునికంటె సుమారు 400 రెట్లు పెద్దది. దూరమును ఇంచుమించు అన్ని రెట్లే. అందుచేతనే చిన్న చంద్రుడు అంత సూర్యుని సరిగా కప్పగలుగుచున్నాడు. చంద్రుడు సంవత్సరమునకు సుమారు 3.8 సెంటీమీటర్లు మననుండి దూరముగా జరుగుచున్నాడు. దాదాపు 60 కోట్ల సంవత్సరములు గడచిన పిమ్మట సంపూర్ణ సూర్యగ్రహణమే యుండదని లెక్క. మనము ఆ యెడమున పుట్టినవారము. ఇది భగవల్లీల కాదా యని అడిగినచో, నా హృదయమునకు లీలయే. కాని దీనిని సాక్ష్యముగా చూపి నాస్తికుని గెలువబోను; రామానుజులు ఆ దారి మూసియుంచిరి.

1868వ సంవత్సరము ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన ఆంధ్రదేశము మీదుగా సాగెను. ఫ్రాన్సు దేశీయుడైన జాన్సెన్ గుంటూరునకును, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్టణమునకును వచ్చి పరిశీలించిరి. సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వెలుగును విడదీసి చూడగా, ఒక పసుపుపచ్చని రేఖ కనబడెను. భూమిమీద అప్పటికెఱిగిన యే పదార్థమునకును అది చెందదని తరువాత తేలెను. సూర్యునికి గ్రీకుభాషలో నున్న పేరునుబట్టి ఆ పదార్థమునకు హీలియమని పేరిడిరి. అది భూమిమీద దొఱకినది 1895లో. నేడు ఆసుపత్రులలో దేహములోపలి భాగములను కోయకయే చూపు ఎంఆర్ఐ యంత్రమున, ఆ పెద్ద అయస్కాంతమును చల్లగా నుంచుటకు వాడునది ద్రవరూపమైన ఆ హీలియమే. నా నడుము నొప్పికి నన్ను ఆ యంత్రములో పరుండబెట్టినపుడు, చెవులు గింగురుమను ఆ చప్పుడులో, గుంటూరు గ్రహణము జ్ఞాపకమునకు వచ్చి ఆదిత్యునికి మనస్సున నమస్కరించితిని. తలుపులు మూసికొన్న ఇండ్లలో కూర్చున్న మనవారికి ఆనాడు ఆ రేఖ కనబడలేదు.

గత 2025వ సంవత్సరము సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమ, ఆదివారము రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము. నేను పట్టుస్నానము చేసి జపమున కూర్చుండగా తొమ్మిదేండ్ల మనుమరాలు వచ్చి, "తాతయ్యా, చూడవచ్చునా?" అని అడిగెను. చంద్రగ్రహణము కంటికి ఏ అపాయమును చేయదని చెప్పి, దానిని వెంటబెట్టుకొని మేడమీదికి వెళ్లితిని. పదునొకండు గంటలు దాటగానే చంద్రుడు పూర్తిగా నీడలో మునిగి, రాగిచెంబువలె ఎఱ్ఱబడెను. నీడలోనున్నవాడు నల్లబడక ఎఱ్ఱగా నేల నుండెనని అది అడిగినది. భూమి చుట్టునున్న గాలి సూర్యుని వెలుగును వంచి నీడలోనికి పంపును; నీలపు వెలుగు దారిలో చెదరిపోగా ఎఱుపు మిగులును; ఆ క్షణమున భూమి అంచున ఎచ్చటెచ్చట సూర్యోదయములు, సూర్యాస్తమయములు జరుగుచున్నవో వానియన్నిటి యెఱుపును కలిసి చంద్రునిమీద పడుచున్నదని చెప్పితిని. అది చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే మన సంధ్యావందనపు ఎఱుపు కూడ అందులో నుండునా?" అనెను. ఉండును, మన యూరి సంధ్య కాకపోయినను ఎవరి సంధ్యయో యుండునంటిని. ఆ రాత్రి మోక్షస్నానము చేసిన పిమ్మట అది రాహువు కథ చెప్పుమనెను. అమృతమథనము, మోహినీ అవతారము, చక్రధార, అన్నియు చెప్పితిని. కథను కథగా, నీడను నీడగా అది పట్టుకొన్నది. తికమకపడినది నా తరమే గాని అది కాదు.

మఱునాడు ఉదయము ఆ పాఠశాల మిత్రునకు ఫోను చేసితిని. ఆయన ఇప్పుడు ఒక గ్రామాలయమున ప్రబంధగోష్ఠి నడుపుచున్నారు. పుస్తకము అవసరము లేదు, అంతయు కంఠస్థమే. ఇన్నేండ్లును మేము కలిసినపుడెల్ల ఆ గ్రహణము ప్రసక్తి తేకుండ గడిపితిమి. ఆనాడు నిజము దాచినందుకు క్షమింపుమంటిని. జల్లెడ సంగతి చెప్పనందుకు కూడ.

కొంతసేపు అవతల మాట వినబడలేదు. "అన్నా, నీవు విషమన్నందుకు పట్టుదలతో చూచితినని యనుకొంటివా? కాదు. ముందటి రోజు ఇసుకలో నీవు గీచిన బొమ్మ నిజమో కాదో చూడవలెనని చూచితిని," అనెను.

"సరిపోయెనా?" అని అడిగితిని.

"కొఱికిన అంచు గుండ్రముగానే యుండెనన్నా. నీవు గీచినట్లే."